ఆపరేషన్ అయ్యింది... నాన్నను లేపండి!

'ఆపరేషన్ బాగా జరిగింది' అని డాక్టరు చెప్పగానే ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటుంది. ఇక నాన్నను కదలనీయకుండా పడుకోబెట్టి, జావ పట్టి, కాళ్లు ఒత్తితే చాలనుకుంటుంది. ప్రేమతోనే అనుకుంటుంది. కానీ, క్యాన్సర్‌కు పెద్ద ఆపరేషన్ అయిన మనిషికి మంచం మేలు చేయదు. అమ్మనైనా నాన్ననైనా లేపి కూర్చోబెట్టడం, నడిపించడం, కడుపునిండా తినిపించడం, నిజం చెప్పడం... ఇవే అసలు సేవ. అది డాక్టరు ఒక్కడి వల్ల అయ్యే పని కాదు.

పల్నాడు జిల్లా రాజుపాలెం మండలంలో ఎవరికైనా పెద్ద జబ్బు చేస్తే కనిపించే దారులు రెండు. కొండమోడు నుంచి సత్తెనపల్లి మీదుగా గుంటూరు ఒకటి. పిడుగురాళ్ల, దాచేపల్లి, మిర్యాలగూడల మీదుగా హైదరాబాదు ఇంకోటి. గుంటూరు సర్వజనాసుపత్రిలో నాట్కో ట్రస్టు కట్టించి ఇచ్చిన క్యాన్సర్ విభాగం 2020లో మొదలైంది. హైదరాబాదులో 1955 నుంచీ ఉన్న ఎంఎన్‌జే ఆస్పత్రి, 2000 జూన్‌లో తలుపులు తెరిచిన బసవతారకం ఇండో అమెరికన్ క్యాన్సర్ ఆస్పత్రి ఉన్నాయి. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక, పొలం అమ్ముకుంటే తప్ప చేయించుకోలేం అనుకున్న ఆపరేషన్లు మామూలు కుటుంబాలకూ అందాయి. ఆ పథకమే ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవ పేరుతో నడుస్తోంది.

అక్కడి మిరప రైతు ఒకాయన్ని ఊహించుకుందాం. అరవై దాటాయి. విరోచనంలో రక్తం పడుతుంటే మొలలే కదా అని ఆరు నెలలు ఊరుకున్నాడు. తీరా చూస్తే పెద్దపేగులో గడ్డ. ముక్క పరీక్షలో క్యాన్సర్ అని తేలింది. నాలుగైదు గంటల ఆపరేషన్. గడ్డ ఉన్న పేగును, దాని చుట్టూ ఉన్న గ్రంథులను తీసేసి, మిగిలిన రెండు కొసలనూ కలిపి కుట్టారు. పేరెందుకు... ఏ ఇంటి నాన్నయినా అనుకోవచ్చు. అక్కణ్నుంచి ఆ ఇంట్లోవాళ్లు చేయాల్సిందేమిటి?

అన్ని గొట్టాలెందుకు?

ఐసీయూలో తండ్రిని మొదటిసారి చూసిన కొడుకు కాళ్లలో వణుకు పుడుతుంది. ముక్కులో గొట్టం, మెడ దగ్గర సూది, పొట్ట పక్కన ఒక గొట్టం, మంచం కింద సంచి. 'మా నాన్నకేమైంది?' అని భయపడిపోతాడు. నిజానికి వాటిలో చాలావరకు కాపలా కాసేవే. ముక్కులో వేసింది కడుపులో పేరుకున్న రసాలను బయటికి తీస్తుంది. పొట్ట పక్కనున్నది లోపల రక్తమో చీమో చేరితే ముందే పట్టిస్తుంది. మూత్రం గొట్టం మూత్రపిండాలు సరిగ్గా పనిచేస్తున్నాయో లేదో గంట గంటకీ చెబుతుంది. ఒక్కో గొట్టం తీసేస్తుంటే ఒక్కో మెట్టు ఎక్కినట్టు. 'ఇదెందుకు, ఎప్పుడు తీస్తారు?' అని నర్సును అడగడంలో తప్పేమీ లేదు. కారణం తెలిస్తే సగం భయం పోతుంది. మగతలో ఆయన వాటిని లాగేసుకోకుండా పక్కనున్నవాళ్లు చూసుకోగలుగుతారు.

మంచం దించేది మర్నాడే!

రెండోరోజు పొద్దున్నే నర్సు వచ్చి 'పెద్దాయనా, లేవండి. కుర్చీలో కూర్చుందాం' అంటుంది. ఇంట్లోవాళ్ల గుండె గుభేలుమంటుంది. 'నిన్ననే కదమ్మా పొట్ట కోశారు, కుట్లు ఊడిపోవూ?' అంటారు. ఊడిపోవు. పొట్టకు దిండు అదిమి పట్టుకుని, పక్కకు ఒత్తిగిల్లి, మోచేతి మీద లేస్తే కుట్ల మీద పెద్దగా బరువు పడదు.

ఒకప్పుడు డాక్టర్లూ మనలాగే అనుకునేవారు. ఆపరేషన్ అంటే వారాల తరబడి పడకే. 1940లలో అమెరికా సర్జన్ డేనియల్ లీథౌజర్ రోగులను వెంటనే లేపి నడిపిస్తే తొందరగా కోలుకుంటున్నారని గమనించి, దానిమీద 1946లో ఏకంగా పుస్తకమే రాశారు. రెండో ప్రపంచయుద్ధంలో గాయపడినవాళ్లతో ఆస్పత్రులు నిండిపోయి మంచాలు చాలకపోవడం కూడా ఆ పద్ధతికి కలిసొచ్చింది. 1990లలో డెన్మార్క్ సర్జన్ హెన్రిక్ కెలెట్ ఇంకో అడుగు ముందుకేశారు. నొప్పి బాగా తగ్గించడం, త్వరగా నోటికి ఆహారం ఇవ్వడం, అనవసరపు గొట్టాలు మానేయడం, మర్నాటికే నడిపించడం... అన్నీ కలిపి చేస్తే పేగు ఆపరేషన్ అయినవాళ్లు సైతం వారం పదిరోజులకు బదులు రెండు మూడు రోజుల్లోనే ఇంటికి వెళ్లగలిగారు. ఇప్పుడు ప్రపంచమంతా ఆ బాటలోనే నడుస్తోంది. మన దగ్గర ఇంకొన్ని రోజులు ఎక్కువ ఉంచుకోవచ్చు. అందులో కంగారు పడాల్సిందేమీ లేదు. మనిషిని బట్టీ ఆపరేషన్‌ను బట్టీ లెక్క మారుతుంది.

పడుకుంటే ఏమవుతుంది? అమెరికాలో ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లను పదిరోజులపాటు మంచం మీదే ఉంచి చూశారు. 2007లో అచ్చయిన ఆ పరిశోధనలో తేలిందేమిటంటే- పదిరోజుల్లో కాళ్ల కండ దాదాపు కిలో కరిగిపోయింది. ఏ జబ్బూ లేనివాళ్లకే అలా అయితే, పేగు కోయించుకున్న మనిషి సంగతి చెప్పేదేముంది? అదొక్కటే కాదు. కదలకపోతే పిక్కల్లో రక్తం గడ్డకడుతుంది. ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తుల్లో చిక్కుకుంటే ప్రాణం మీదికొస్తుంది. క్యాన్సర్ రోగుల్లో ఆ ముప్పు మామూలువాళ్లకన్నా ఎక్కువ. అందుకే పొట్టలో పెద్ద ఆపరేషన్ అయినవాళ్లలో చాలామందికి నాలుగు వారాలదాకా రక్తం పలచబడే ఇంజెక్షన్లు రాస్తారు. 'ఇంటికొచ్చేశాం కదా, ఇంకా సూదులెందుకు' అని మధ్యలో మానేయకూడదు.

మూడు బంతులున్న ప్లాస్టిక్ పరికరం ఒకటి చేతికిస్తారు. గొట్టాన్ని నోట్లో పెట్టుకుని గాలి లోపలికి పీలిస్తే బంతులు పైకి లేస్తాయి. చాలామంది ఊదుతుంటారు. ఊదడం కాదు, పీల్చడం. ఊపిరితిత్తుల అడుగుభాగం తెరుచుకుని, కఫం పేరుకోకుండా ఉండటానికే ఆ కసరత్తు. గంటకోసారి పది సార్లు పీల్చమంటారు. చుట్టలో బీడీలో తాగిన మనిషికి ఇది మరీ ముఖ్యం. మనవణ్ని పక్కన కూర్చోబెట్టి 'తాతయ్య ఎన్ని బంతులు లేపాడో లెక్కపెట్టు' అంటే పోటీలు పడి చేస్తారు.

నొప్పిని ఓర్చుకోవడం గొప్ప కాదు. మన నాన్నలు అడిగితే 'ఏం లేదురా' అంటారు. నొప్పి ఉన్నవాడు గట్టిగా దగ్గడు, లోతుగా ఊపిరి తీయడు, లేచి నడవడు. దానివల్లే నిమ్ము చేరుతుంది. 'పదికి ఎంత నొప్పి?' అని నర్సు అడిగినప్పుడు ఉన్నదున్నట్టు చెప్పమనాలి. డాక్టర్ల పర్యవేక్షణలో నాలుగు రోజులు మందు తీసుకున్నంత మాత్రాన ఎవరూ దానికి బానిసలైపోరు.

రాత్రిపూట పరాకు

మూడోరోజు రాత్రి. ఉన్నట్టుండి నాన్న 'గొర్రెలు తోటలో పడ్డాయి, తోలండి' అంటాడు. కూతుర్ని గుర్తుపట్టడు. సెలైన్ గొట్టం పీకబోతాడు. గాలి సోకిందనీ, దిష్టి తగిలిందనీ, ఇక మతి పోయినట్టేననీ ఇంట్లోవాళ్లు కుమిలిపోతారు. పెద్ద ఆపరేషన్ తర్వాత వయసు మీరినవాళ్లలో ఈ పరాకు తరచూ కనిపించేదే. మత్తు, నొప్పి, నిద్రలేమి, జ్వరం, ఒంట్లో నీరు తగ్గడం, మూత్రం బిగబట్టడం... కారణం ఏదైనా కావచ్చు. వెంటనే నర్సుకు చెప్పాలి. ఎందుకంటే ఒక్కోసారి లోపలి ఇన్ఫెక్షన్‌కు అదే మొదటి గుర్తు.

ఇక్కడ ఇంటివాళ్లు చేయగలిగింది చాలా ఉంది. కళ్లజోడు పెట్టాలి. చెవి మిషన్, పళ్ల సెట్టు ఉంటే ఇవ్వాలి. పగలు కిటికీ పక్కన కూర్చోబెట్టి, రాత్రి లైట్లు తగ్గించాలి. 'నాన్నా, నేను... ఆస్పత్రిలో ఉన్నాం, ఆపరేషన్ అయింది, ఇవాళ బుధవారం' అని నెమ్మదిగా చెబుతుండాలి. వాదించకూడదు, కసురుకోకూడదు. తెలిసిన గొంతు పక్కన ఉండటం చాలా మేలు చేస్తుంది. ఎక్కువమంది కొద్దిరోజుల్లోనే తేరుకుంటారు.

పప్పు తింటే చీము పడుతుందా?

ఆపరేషన్ అయినవాళ్ల కంచం దగ్గర మన ఇళ్లలో పెద్ద పంచాయితీయే జరుగుతుంది. పప్పు పెడితే చీము పడుతుందంటారు. గుడ్డు వేడి అంటారు. వంకాయ దురద అంటారు. పెరుగు జలుబు అంటారు. అన్నీ తీసేస్తే మిగిలేది చారు నీళ్లు, బ్రెడ్డు ముక్క. చీము పట్టేది పప్పు వల్ల కాదు, సూక్ష్మక్రిముల వల్ల. పుండు మానడానికి కావాల్సిన మాంసకృత్తులన్నీ ఆ వద్దన్న పదార్థాల్లోనే ఉన్నాయి! శస్త్రచికిత్స అయిన మనిషికి రోజుకు కిలో బరువుకు 1.2 నుంచి 1.5 గ్రాముల మాంసకృత్తులు అవసరమంటారు నిపుణులు. అరవై కిలోల మనిషికి 72 నుంచి 90 గ్రాములన్నమాట. ఒక గుడ్డులో ఉండేది సుమారు 6 గ్రాములు. మరి చారన్నంతో ఎలా సరిపోతుంది? మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్లు మాత్రం ఎంత తినాలో డాక్టరును అడగాలి.

మొదట గుక్కెడు నీళ్లు, తర్వాత పల్చటి మజ్జిగ, కొబ్బరినీళ్లు, జావ, ఆపైన మెత్తగా ఉడికిన అన్నం పప్పు, ఇడ్లీ, పెరుగు, గుడ్డు, చేప... డాక్టరు చెప్పిన వరసలో పెంచుకుంటూ పోవాలి. కడుపు ఉబ్బినా, వాంతి వచ్చినా ఆపి అడగాలి. కొన్నిచోట్ల పేగులను మేల్కొలపడానికి చూయింగ్‌గమ్ నమలమంటారు. గ్యాస్ పోయిందని నాన్న సిగ్గుపడుతూ చెబితే అదే పెద్ద శుభవార్త. పేగు మళ్లీ కదులుతోందన్నమాట!

పేగు కాకుండా జీర్ణాశయం తీసేసినవాళ్ల సంగతి వేరు. అన్నం నిల్వ ఉండే సంచే లేదు కాబట్టి మూడు పూటలా కంచం నిండా తినలేరు. రోజుకు ఆరేడుసార్లు కొద్దికొద్దిగా, నెమ్మదిగా నమిలి తినాలి. తీపి ఒకేసారి ఎక్కువగా తింటే చెమటలు పట్టి, కళ్లు తిరిగి, గుండె దడదడలాడొచ్చు. జీర్ణాశయం మొత్తం తీసేస్తే బి12 ఇంజెక్షన్లు జీవితాంతం వేయించుకోవాలి. 'ఇంతేనా తినేది' అని బలవంతంగా కుక్కితే వాంతులే మిగులుతాయి.

మొదటి వారం జాగ్రత్త

పేగును కుట్టిన అతుకు నిలవడమే ఈ ఆపరేషన్లో గండం. అతుకు వదిలితే మొదటి వారం పదిరోజుల్లోనే ఎక్కువగా బయటపడుతుంది. నిన్నటిదాకా నడిచిన మనిషి ఉన్నట్టుండి నీరసపడిపోవడం, నాడి వేగంగా కొట్టుకోవడం, పొట్ట ఉబ్బి గట్టిపడటం, జ్వరం... ఇలాంటివి యంత్రాలకన్నా ముందు పక్కనున్న మనిషికే తెలుస్తాయి. 'ఈరోజు మా నాన్న నిన్నటిలా లేడు' అని డాక్టరుకు చెప్పడానికి మొహమాటపడకూడదు. ఆ ఒక్క మాట ఒక్కోసారి ప్రాణం నిలబెడుతుంది.

వేళకు ఇచ్చిన మందులు, తిన్నది, తాగిన నీళ్లు, నడిచిన అడుగులు, జ్వరం... ఒక నోటుపుస్తకంలో రాసుకోవాలి. కొడుకు వెళ్లి కోడలు వచ్చినా, కూతురు వచ్చినా మాట మారదు. రాత్రిళ్లు ఒక్కరే మేలుకుంటే వారానికి వాళ్లూ మంచమెక్కుతారు. వంతులు వేసుకోవాలి. అమ్మకు ఆపరేషన్ అయితే ఆడపిల్లలే ఉండాలని లేదు, నాన్నకైతే కోడలే అన్నీ చూసుకోవాలనీ లేదు.

జబ్బు పేరు చెప్పొద్దా?

'నాన్నకు అల్సర్ అని చెప్పాం డాక్టరుగారూ, మీరూ అలాగే అనండి'... క్యాన్సర్ వార్డుల్లో తరచూ వినిపించే మాట ఇది. ఆస్పత్రి గేటు మీద అంత పెద్ద అక్షరాలతో రాసి ఉంటే నాన్న చదవలేడా? చదవడం రాకపోయినా పక్క మంచం మీది మనిషి చెప్పడా? తెలిసీ తెలియనట్టు ఆయన, తెలియదన్నట్టు వీళ్లు... ఇద్దరూ నటిస్తూ ఒంటరివాళ్లయిపోతారు. అల్సరే అనుకున్న మనిషిని రేపు కీమోథెరపీకి రమ్మంటే ఎందుకొస్తాడు? 'బాగైపోయిందిగా' అంటాడు. ఒకేసారి అంతా మీద పడేయనక్కర్లేదు. 'నీకేం తెలుసుకోవాలనుంది నాన్నా?' అని అడిగి, అడిగినంత చెప్పినా చాలు. కానీ అబద్ధం మాత్రం చెప్పకూడదు.

అక్కినేని నాగేశ్వరరావు తొంభైకి చేరువైన వయసులో ఆ నిజాన్ని తానే లోకానికి చెప్పారు. 2013 అక్టోబరులో విలేకరులను పిలిచి తనకు క్యాన్సర్ వచ్చిందని ప్రకటించారు. ఆపరేషన్ తర్వాత కూడా పని మానలేదు. కొడుకు నాగార్జున, మనవడు నాగచైతన్యలతో కలిసి 'మనం' సినిమాకు పనిచేశారు. 2014 జనవరి 22న ఆయన కన్నుమూశారు. ఆ సినిమా మే 23న విడుదలైంది. మూడు తరాలూ కలిసి నటించిన ఆ బొమ్మ ఇంటిల్లిపాదికీ మిగిలింది. ఆయనకు జబ్బు పేరు దాచి మంచానికి పరిమితం చేసి ఉంటే, ఆ నెలలు ఎలా గడిచేవో!

కోలుకోవడమంటే ఎన్నేళ్లు బతికామన్న లెక్క ఒక్కటే కాదు. 1881 జనవరి 29న వియన్నాలో సర్జన్ థియోడర్ బిల్‌రోత్ నలభై మూడేళ్ల మహిళకు క్యాన్సర్ సోకిన జీర్ణాశయ భాగాన్ని తీసి, ఆ ఆపరేషన్‌ను విజయవంతంగా చేసిన తొలి వైద్యుడయ్యారు. ఆపరేషన్ నుంచి ఆమె కోలుకుంది. కానీ జబ్బు తిరగబెట్టి సుమారు నాలుగు నెలలకే చనిపోయింది. ఆ నాలుగు నెలలే ఆ తర్వాతి వాళ్లందరికీ దారి చూపాయి. ఇప్పుడు తొలిదశలో గుర్తించిన పెద్దపేగు క్యాన్సర్ చాలామందిలో పూర్తిగా నయమవుతోంది.

ఇంటికొచ్చాక...

డిశ్చార్జి అయి ఊళ్లోకి రాగానే పరామర్శలు మొదలవుతాయి. బత్తాయిలు, బ్రెడ్డు ప్యాకెట్లు, హార్లిక్స్ సీసాలు. 'ఎట్టుంది బావా?' అంటూ పొద్దుణ్నుంచీ జనం. పలకరింపు మంచిదే. కానీ జలుబు, దగ్గు, జ్వరం ఉన్నవాళ్లు నాలుగు రోజులు ఆగి రావడమే మర్యాద. 'మా ఊళ్లో ఫలానా ఆయనకూ ఇదే జబ్బు, మూడు నెలలు కూడా లేడు' అనే చుట్టాన్ని వాకిట్లోనే టీ ఇచ్చి పంపేయొచ్చు!

ఆరు వారాలపాటు నాలుగైదు కిలోలకు మించి బరువు ఎత్తకూడదు. నిండిన మందు డబ్బా వీపుకెత్తుకోవడం, మిరప టిక్కీలు మోయడం, మోటారు సైకిలు తోలడం డాక్టరు సరే అనేదాకా కుదరవు. తొందరపడితే కోసినచోట పొట్ట బలహీనపడి పేగు బయటికి పొడుచుకొస్తుంది. నడక మాత్రం మానకూడదు. మొదట వాకిలిదాకా, తర్వాత రచ్చబండదాకా, ఆ తర్వాత చేను గట్టుదాకా.

కొందరికి పేగు కొసను పొట్టమీదికి తెచ్చి సంచి తగిలిస్తారు. దాన్ని స్టోమా అంటారు. లోపలి అతుకు మానేదాకా కొన్ని నెలలే ఉంచడమూ ఉంది, కొందరికి శాశ్వతంగా ఉండటమూ ఉంది. సంచి మూడోవంతు నిండగానే ఖాళీ చేయాలి. చుట్టూ చర్మాన్ని మామూలు నీళ్లతో కడిగి, పొడిగా తుడిచి, రంధ్రానికి సరిపడా కత్తిరించి అతికించాలి. డిశ్చార్జికి ముందే నర్సు దగ్గర ఇంట్లో ఇద్దరు నేర్చుకోవాలి. ముక్కు మూసుకోకుండా పక్కన కూర్చుని అన్నం తినే ఒక్క మనిషి ఉంటే చాలు, సిగ్గుతో పెళ్లిళ్లకూ గుడికీ దూరమైన నాన్న మళ్లీ పంచె మార్చుకుని బయల్దేరతాడు.

అన్నిటికన్నా ముఖ్యమైంది రిపోర్టు. తీసిన పేగునూ గ్రంథులనూ పరీక్షించి ఇచ్చే ఆ కాగితాన్ని బట్టే ముందు చికిత్స ఏమిటో తేలుతుంది. గ్రంథుల్లోకి జబ్బు పాకితే సాధారణంగా ఆరు నుంచి ఎనిమిది వారాల్లోపు కీమో మొదలుపెట్టాలంటారు. ఆలస్యమయ్యేకొద్దీ ఫలితం తగ్గుతుంది. పుండు మానకపోయినా, మనిషి చిక్కి శల్యమైనా కీమో మొదలుపెట్టలేరు. మర్నాడే లేపడం, నడిపించడం, పప్పన్నం పెట్టడం ఎందుకో ఇప్పుడు అర్థమవుతుంది. ఆ అడుగులూ ఆ ముద్దలూ జబ్బు తిరగబెట్టకుండా వేసే కంచెలో భాగమే. మిరప కోతలున్నాయనో, దారి ఖర్చులనో ఆ తేదీ తప్పించకూడదు. పథకం కింద ఏవి వస్తాయో ఆస్పత్రిలోని ఆరోగ్యమిత్రను అడిగి తెలుసుకోవాలి.

వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాల్సినప్పుడు...
* జ్వరం 100.4 డిగ్రీలు దాటినా, చలితో వణుకు వచ్చినా
* పొట్ట ఉబ్బి, వాంతులవుతూ, గ్యాస్ కూడా పోకపోయినా
* కుట్ల దగ్గర ఎర్రగా కమిలినా, చీము కారినా, కుట్లు విచ్చుకున్నా
* ఒక పిక్క వాచి నొప్పి పుట్టినా
* ఉన్నట్టుండి ఆయాసం, గుండెల్లో నొప్పి వచ్చినా (క్షణం కూడా ఆగకూడదు)
* విరోచనంలో ఎక్కువ రక్తం పడినా
* మనిషి పరాకుగా మాట్లాడుతున్నా

మూడు నెలలు గడిచేసరికి చాలా ఇళ్లలో ఒక మార్పు కనిపిస్తుంది. అప్పటిదాకా 'నాన్నా, మందు వేసుకున్నావా', 'నాన్నా, నడిచావా' అని పిల్లలే అడుగుతుంటారు. ఒకరోజు ఆయనే ఎదురు ప్రశ్న వేస్తాడు. 'తోటకు నీళ్లు ఎవరు పెడుతున్నార్రా?' అని. విసుక్కోకుండా జవాబు చెప్పండి. వీలైతే చేను గట్టుదాకా వెంటబెట్టుకెళ్లండి. పార మాత్రం ఇవ్వకండి!